స్టైపెండ్‌లో సీపీఎస్ (వాటాల పింఛను) కట్ లేదు, మా తమ్ముడికేమో మొదటి నెల నుంచే కట్... పోలీస్ ట్రైనీలకు రేటు వేరా?

ఒంగోలు_గిత్త | ఆదివారం, మధ్యాహ్నం 2:10

అన్నలందరికీ నమస్కారం. నేను ఎస్‌సీటీ పీసీ (స్టైపెండ్ మీద ఉండే కానిస్టేబుల్ ట్రైనీ) ట్రైనింగ్‌లో ఉన్నాను, ఆంధ్రా సివిల్. మాకు ఫోన్ ఆదివారమే చేతికొస్తుంది. జవాబు ఆలస్యమైతే ఏమీ అనుకోకండి.

మా బాబాయ్ కొడుకు ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) జీడీ కానిస్టేబుల్ పరీక్ష రాసి సీఆర్‌పీఎఫ్‌లో చేరాడు. వాడూ ఇప్పుడు ట్రైనింగే. నిన్న పేస్లిప్ ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెట్టాడు. బేసిక్ 21,700, డీఏ 58 శాతం, ఎన్‌పీఎస్ (మన సీపీఎస్‌కి కేంద్రంలో పేరు) కటింగ్ 3,429, పక్కనే ప్రభుత్వ వాటా 4,800. ఇక మా అమ్మ ఒకటే పోరు: "వాడికి ఇప్పట్నుంచే పింఛను కడుతున్నారంట, నీకేం కడుతున్నార్రా?"

నాకొచ్చేది స్టైపెండ్. మెస్ బిల్లు పోగా మిగిలింది అకౌంట్లో పడుతుంది. పింఛను పేరుతో పైసా కట్ లేదు, ప్రాన్ (పింఛను ఖాతా) నంబరూ లేదు. మా బ్యారక్‌లో ఒకడు "ట్రైనీలకు 5 శాతమే, తర్వాత ఒకేసారి పట్టేస్తారు" అంటాడు. ఇంకొకడు "అందరికీ 14" అంటాడు. అసలు ట్రైనీకి రేటు ఎంత? నేనేమైనా నష్టపోతున్నానా?


ఖాకీమామ | ఆదివారం, 2:41

తమ్ముడూ, ముందు ఆ 5 శాతం మాట మర్చిపో. ట్రైనీ రేటు అని వేరే ఏదీ లేదు. సీపీఎస్‌లో ఉద్యోగి వాటా బేసిక్ ప్లస్ డీఏ మీద 10 శాతం. కానిస్టేబుల్‌కైనా ఎస్పీ ఆఫీసు సూపరింటెండెంట్‌కైనా అదే పది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో జీవో 653 వచ్చింది, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లందరికీ ఇదే లెక్క. ప్రభుత్వం కూడా ఇంకో పది వేస్తుంది.

నీకు కట్ కాకపోవడానికి కారణం రేటు కాదు. నీకు బేసిక్ లేదు, డీఏ లేదు. ఉన్నది స్టైపెండ్. దేని మీద పది శాతం తీస్తారు? ట్రైనింగ్ అయ్యి, పోస్టింగ్ వచ్చి, 25,220 బేసిక్‌తో మొదటి జీతం బిల్లు వేసిన రోజు నుంచి నీ కటింగ్ మొదలవుతుంది. మాకూ అలాగే జరిగింది, 2009లో.


సరిహద్దు_సీను | ఆదివారం, 3:05

నాది సీఆర్‌పీఎఫ్, ఊరు శ్రీకాకుళం జిల్లా. ఖాకీమామ చెప్పింది కరెక్ట్. కేంద్ర బలగాల్లో రిక్రూట్‌కి స్టైపెండ్ పద్ధతి లేదు. గ్రూప్ సెంటర్‌లో రిపోర్ట్ చేసిన రోజు నుంచి లెవెల్ 3 జీతం, 21,700. జీతం ఉంది కాబట్టి డీఏ ఉంది, డీఏ ఉంది కాబట్టి ఎన్‌పీఎస్ ఉంది. గుండు గీయించుకున్న నెల నుంచే కట్ అన్నమాట.

14 అనేది మన వాటా కాదు, కేంద్ర ప్రభుత్వం వేసే వాటా. 2019 ఏప్రిల్ నుంచి 10ని 14 చేశారు. మన చేతి నుంచి పోయేది ఇప్పటికీ పదే. నీ తమ్ముడి లెక్క సరిగ్గానే ఉంది: 21,700 మీద 58 శాతం డీఏ కలిపితే 34,286. అందులో పది శాతం 3,429, పద్నాలుగు శాతం 4,800.

ఆ స్లిప్ చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తోంది. వాడు ఎన్‌పీఎస్‌లోనే ఉన్నాడు. 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ (ఏకీకృత పింఛను పథకం) వచ్చింది కదా, అందులో చేరి ఉంటే ప్రభుత్వ వాటా దగ్గర 10 కనబడేది, ఇంకో 8.5 వేరే పూల్‌కి పోతుంది, అది మన ఖాతాలో చూపించరు. కొత్తగా చేరినవాళ్లు 30 రోజుల్లో యూపీఎస్ ఎంచుకోవాలి. ట్రైనింగ్ మొదటి నెలలో పిల్లలకి ఊపిరి తీసుకునే టైముండదు, ఇంక ఆప్షన్ ఫారం ఎక్కడ గుర్తుంటుంది! వాడు తెలిసే ఎన్‌పీఎస్‌లో ఉండిపోయాడో, తెలియక ఉండిపోయాడో ఒకసారి అడుగు.


పాలమూరోడు | ఆదివారం, 3:20

కట్ కాకుంటే ఖుషీ అవ్వాలె గానీ ఏడుస్తవేంది తమ్మీ? 😀 నేను తెలంగాణ ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్). మా ట్రైనింగ్‌ల స్టైపెండ్ మెస్‌కు, బూట్లకు, కటింగ్ షాపుకే సాలలే. అండ్ల పది శాతం పట్టుంటే ఇంటికాడ అప్పు చేద్దును. పైసలు షేతిల ఉన్నప్పుడే మనవి. అరవై ఏండ్లకు ఎవడు సూడొచ్చిండు.


లెక్కల_సరోజ | ఆదివారం, 4:02

పాలమూరోడు గారూ, చేతిలో ఉన్న డబ్బు సంగతి సరే. కట్ కాకపోతే మీ పది చేతిలో మిగులుతుంది గానీ, ప్రభుత్వం వేసే పది పోతుంది. అది గుర్తుపెట్టుకోవాలి.

మా ఆయన హెడ్ కానిస్టేబుల్. నేను పదకొండేళ్లుగా వేరే శాఖలో జీతాల బిల్లులు చేస్తున్నాను. గిత్త కోసం లెక్క కట్టి చూపిస్తాను. ఆంధ్రాలో డీఏ మారుతూ ఉంటుంది కాబట్టి సులువుగా 35 శాతం అనుకుందాం.

25,220 బేసిక్, డీఏతో కలిపి 34,047. పది శాతం అంటే 3,405. రెండు వాటాలూ కలిపి నెలకి 6,809. తొమ్మిది నెలల ట్రైనింగ్‌కి దాదాపు 61,300. ట్రైనింగ్‌లో జీతం ఇచ్చి ఉంటే నీ ప్రాన్‌లో పడి ఉండేది ఇంత.

24 ఏళ్లకి చేరి 62కి రిటైర్ అవుతావనుకుంటే 38 ఏళ్లు. ఏడాదికి 8 శాతం పెరిగిందనుకో, ఆ 61 వేలు పదకొండు లక్షలు దాటుతుంది. ఆగు, సంబరపడకు, బాధా పడకు. ధరలు ఏడాదికి 5 శాతం పెరిగితే ఆ పదకొండు లక్షలు ఇవాళ్టి విలువలో లక్షా ఎనభై వేలకి మించదు. అందులోనూ సగం నీ డబ్బే.

అదే స్టైపెండ్ మీదే పది శాతం పట్టారనుకో. 4,500 ఉన్నదాన్ని 12,000 చేస్తామని 2025 డిసెంబరులో మంగళగిరిలో ముఖ్యమంత్రి చెప్పారు కదా, ఆ 12 వేల మీద 1,200. తొమ్మిది నెలలకి నీ వాటా 10,800. దీని కోసం అర్జీ పెట్టడం దండగ.


ఒంగోలు_గిత్త | ఆదివారం, 4:15

మేడం గారూ చాలా థాంక్స్. అమ్మకి లక్షా ఎనభై వేలు అని చెప్పాలా పదకొండు లక్షలు అని చెప్పాలా అర్థం కావట్లేదు 😅 ఫోన్లు తీసుకునే టైమైంది. వచ్చే ఆదివారం చూస్తాను.


ఖాకీమామ | ఆదివారం, 4:30

అమ్మకి ఏదీ చెప్పకు నాయనా. రెండూ చెబితే ఇంకా ప్రమాదం.


పాత_బ్యాచ్ | ఆదివారం, రాత్రి 9:48

మీరందరూ తొమ్మిది నెలల వాటా గురించి మాట్లాడుతున్నారు. మాకు ఆ ట్రైనింగ్ తేదీ మొత్తం పింఛన్నే మార్చేసింది.

మా నోటిఫికేషన్ పడినప్పుడు పాత పింఛనే. రాత పరీక్ష, పరుగు, మెడికల్ అన్నీ అప్పుడే అయిపోయాయి. ట్రైనింగ్ సెంటర్‌లో స్టైపెండ్ మీద ఉన్న కాలంలోనే సెప్టెంబరు 1 దాటిపోయింది. బయటికొచ్చాక జీతం స్కేలు వేసి, "మీ నియామకం 1-9-2004 తర్వాత, మీకు సీపీఎస్" అన్నారు. మా ఊరివాడే ఒకడు ఏడాది ముందు బ్యాచ్. వాడికి జీపీఎఫ్ (పాత పింఛను వాళ్ల భవిష్య నిధి) నంబరు, నాకు ప్రాన్ నంబరు. ఇద్దరం ఒకే స్టేషన్‌లో పక్కపక్క బల్లల మీద పనిచేశాం. డీఏ బకాయిలు వచ్చిన ప్రతిసారీ తేడా తెలిసేది. వాడికి మొత్తం జీపీఎఫ్‌లో జమ, నాకు 90 శాతం నగదు, 10 శాతం ప్రాన్‌కి. వాడు రిటైరయ్యాక చివరి బేసిక్‌లో సగం, దాని మీద డీఆర్ (పింఛనుదారుల డీఏ). నాకేం వస్తుందో మార్కెట్‌ని అడగాలి.

కేంద్రం 2023 మార్చి 3న ఒక మెమో ఇచ్చింది, అందరూ మెమో 57 అంటారు. 2003 డిసెంబరు 22కి ముందు ప్రకటించిన పోస్టులకి ఎంపికైనవాళ్లు ఆలస్యంగా చేరినా పాత పింఛన్ కోరుకోవచ్చు అని. మన దగ్గర 2003 డీఎస్సీ టీచర్లు దాన్నే చూపించి అడుగుతూ వచ్చారు. మాలాంటి కానిస్టేబుళ్ల గొంతు టీచర్లంత గట్టిగా వినబడదు. సంఘం పెట్టి ధర్నా చేసే ఉద్యోగం కాదు కదా మనది.

గిత్తా, నీకు 2004 గొడవ లేదు. అయినా చెబుతున్నాను. నియామక ఉత్తర్వు, ట్రైనింగ్‌కి రిపోర్ట్ చేసిన కాగితం, పాస్ అవుట్ ఆర్డర్, మూడూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో. పాతికేళ్ల తర్వాత ఏ తేదీ పనికొస్తుందో ఎవరికీ తెలియదు.


సరిహద్దు_సీను | ఆదివారం, రాత్రి 10:20

పాత_బ్యాచ్ గారూ, మా కథా ఇలాంటిదే సార్. 2023 జనవరి 11న ఢిల్లీ హైకోర్టు, సీఏపీఎఫ్‌లు (సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర పోలీసు బలగాలు) కూడా సాయుధ బలగాలే, వాళ్లకి పాత పింఛన్ వర్తిస్తుంది అని తీర్పు ఇచ్చింది. ఆ రోజు మా క్యాంపులో లడ్డూలు పంచుకున్నాం. తర్వాత సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. లడ్డూలు అరిగిపోయాయి, కటింగ్ అలాగే ఉంది.


రెండు_నక్షత్రాలు | సోమవారం, ఉదయం 6:15

కానిస్టేబుల్‌గా ఆరేళ్లు చేసి ఎస్సైకి సెలెక్ట్ అయినవాణ్ని నేను. ఇక్కడ మూడో రకం గురించి ఎవరూ చెప్పలేదు. నేనూ ఎస్‌సీటీనే, అకాడమీలో ఏడాది పాటు మిగతావాళ్లతో కలిసి అవే గుంజీలు తీశాను. కానీ నా కానిస్టేబుల్ జీతం పాత యూనిట్ నుంచే వచ్చింది, సీపీఎస్ కూడా నెలనెలా దాని మీదే కట్ అయింది. పక్క మంచం కుర్రాడు నేరుగా వచ్చినవాడు, వాడికి స్టైపెండ్, కట్ లేదు. ఒకే గదిలో ఒకడికి పింఛను నడుస్తోంది, ఒకడికి లేదు. రేటు మాత్రం ఇద్దరికీ పదే. అందుకే ఎవరైనా "ట్రైనీకి ఎంత శాతం" అని అడిగితే "నువ్వు జీతం మీద ఉన్నావా, స్టైపెండ్ మీద ఉన్నావా" అని నేను తిరిగి అడుగుతాను.

ఇన్‌సర్వీస్ వాళ్లకి ఒక జాగ్రత్త. యూనిట్ మారినప్పుడు డీడీవో (జీతాల బిల్లు వేసే అధికారి) మారతాడు. పాత డీడీవో దగ్గర నుంచి ప్రాన్ కొత్త డీడీవో కిందకి మ్యాప్ కావాలి. నాకు ఆ మధ్య కాలంలో నాలుగు నెలల డబ్బు స్లిప్‌లో కట్ అయినట్టుంది, ఖాతాలో మాత్రం పడలేదు.


లెక్కల_సరోజ | సోమవారం, ఉదయం 11:30

మిస్సింగ్ క్రెడిట్స్! ఎస్సై గారు అసలు జబ్బుని పట్టుకున్నారు. రేటు పదా పద్నాలుగా అని అందరూ కొట్టుకుంటారు గానీ, కట్ అయిన పది ఖాతాలో పడిందా అని చూసేవాళ్లు తక్కువ. మా ఆయనకి తొలి రోజుల్లో పద్నాలుగు నెలల మొత్తం కనబడలేదు. అప్పటికి ప్రాన్ రాలేదు, ప్రాన్ లేకుండానే జీతంలోంచి కట్ చేస్తూ పోయారు. ఆ డబ్బు ప్రభుత్వ పద్దుల్లో ఒక హెడ్‌లో కూర్చుంది. నంబరు వచ్చాక దాన్ని ఖాతాకి పంపాలంటే నెలవారీ షెడ్యూళ్లు, ట్రెజరీ టోకెన్ నంబర్లు, బిల్లు తేదీలు కావాలి. బిల్ క్లర్క్ బదిలీ అయి వెళ్లిపోయాడు. కొత్తాయన "నా టైములోది కాదు" అన్నాడు. నేను ఆ శాఖలో కాకపోయినా ఆ భాష తెలుసు కాబట్టి కాగితాలు పోగేసి పెట్టగలిగాను. ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర లాభం ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు.

గిత్తా, పోస్టింగ్ వచ్చాక మొదటి జీతం కంటే ముందే ప్రాన్ ఫారం నింపి ఇచ్చెయ్. ఫోన్ నంబరు నీదే ఇవ్వు, కంప్యూటర్ సెంటర్ వాడిది కాదు. మూణ్నెల్లకోసారి స్టేట్‌మెంట్ తీసి, నీ వాటా, ప్రభుత్వ వాటా రెండూ పడ్డాయా లేదా పేస్లిప్‌తో సరిచూసుకో.


గోదారి_గట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:05

రాష్ట్రం కూడా 14 ఇస్తోందని మా కొలీగ్ గట్టిగా వాదిస్తున్నాడు. ఇన్‌కమ్ టాక్స్‌లో 14 శాతం వరకు మినహాయింపు అని చూపిస్తున్నాడు. నిజమేనా?


లెక్కల_సరోజ | సోమవారం, 1:40

ఆయన రెండు విషయాలు కలిపేశారు. 2022 బడ్జెట్‌లో, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకి కూడా యజమాని వాటాపై మినహాయింపు పరిమితిని 14 శాతానికి పెంచారు. అది టాక్స్ సంగతి, రాష్ట్రం వేస్తే మినహాయింపు ఇస్తాం అని. వేయాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. మన రెండు రాష్ట్రాల్లోనూ పదే వేస్తున్నారు. గిన్నె పెద్దది ఇచ్చారని అన్నం ఎక్కువ పెట్టినట్టు కాదు కదా.

ఇదే గిత్త అసలు చూడాల్సిన చోటు. నిన్నటి లెక్కే తీసుకోండి. 34,047 మీద ఆ నాలుగు శాతం తేడా నెలకి 1,362, ఏడాదికి 16,343. ట్రైనింగ్ తొమ్మిది నెలల్లో పోయిందనుకుంటున్న 61 వేలు ఈ నాలుగు శాతం తేడాలో నాలుగేళ్లలోపే పోతుంది. మిగిలిన ముప్పై నాలుగేళ్లూ అదనం. జీతం పెరిగేకొద్దీ ఆ తేడా కూడా పెరుగుతుంది. అన్నదమ్ములిద్దరికీ తేడా వచ్చేది ట్రైనింగ్‌లో కాదు, ఇక్కడ.


పాలమూరోడు | సోమవారం, 2:15

మేడం, గిది మాత్రం నిజంగ మండేటి ముచ్చట. తొమ్మిది నెలలు పోతే పోయింది అనుకున్న గానీ, గీ నాలుగు శాతం నాకు తెల్వకనే 2019 సంది పోతనే ఉంది. నిన్నటి నా జోక్ వాపసు తీసుకుంటున్న.


గోదారి_గట్టు | సోమవారం, 2:30

2023లో ఆంధ్రాలో జీపీఎస్ అని చట్టం చేశారు కదా, చివరి బేసిక్‌లో 50 శాతం గ్యారంటీ అని. అదొస్తే ఈ వాటాల గోల ఉండదు కదా?


ఖాకీమామ | సోమవారం, 3:10

నా పేస్లిప్‌లో ఇంకా సీపీఎస్ అనే అక్షరాలే ఉన్నాయి. స్లిప్‌లో మారిన రోజు మాట్లాడుకుందాం. 2019కి ముందు "సీపీఎస్ వారంలో రద్దు" అన్న మాట విని మా స్టేషన్‌లో ఒకాయన ఇంటికి ఈఎంఐ లెక్కలే మార్చేసుకున్నాడు. అప్పట్నుంచి నేను ప్రకటన మీద లెక్క వేయను.


కొత్త_టోపీ | మంగళవారం, రాత్రి 8:20

నాదో చిన్న సందేహం. నేను బీఎస్‌ఎఫ్‌లో పది నెలలు చేసి రాజీనామా ఇచ్చి వచ్చాను, ఇప్పుడు తెలంగాణ కానిస్టేబుల్ ట్రైనింగ్. అక్కడి ప్రాన్‌లో డెబ్బై వేల పైన ఉంది. ఇక్కడ స్టైపెండ్ కాబట్టి ప్రస్తుతం ఏమీ పడట్లేదు. పోస్టింగ్ వచ్చాక కొత్త ప్రాన్ తీసుకోమని ఒకరు, పాతది మూసేసి డబ్బు తీసుకోమని ఇంకొకరు చెబుతున్నారు.


సరిహద్దు_సీను | మంగళవారం, 9:00

రెండూ వద్దు. ప్రాన్ మనిషికి ఒకటే, ఉద్యోగానికి ఒకటి కాదు. ఆధార్ లాగా అనుకో. ట్రైనింగ్ నెలల్లో డబ్బు పడకపోయినా ఖాతా చావదు, ఉన్న సొమ్ము పెట్టుబడిలోనే ఉంటుంది. రాష్ట్రంలో పోస్టింగ్ వచ్చాక పాత నంబరే ఇచ్చి, కేంద్రం నుంచి రాష్ట్రానికి మార్చే ఫారం పెట్టించు. కొత్తది తీసుకున్నావో, తర్వాత రెండు నంబర్లని ఒకటి చేయించడానికి తిరగాల్సింది నువ్వే.


కొత్త_టోపీ | మంగళవారం, 9:12

బతికించావన్నా. రేపు కొత్త ఫారం మీద సంతకం పెట్టేవాణ్ని.


ఒంగోలు_గిత్త | ఆదివారం, మధ్యాహ్నం 1:55

వారం తర్వాత వచ్చాను. చదువుతుంటే ఎండలో డ్రిల్ చేసినంత పనైంది. అందరికీ చేతులెత్తి దండం.

తమ్ముడితో మాట్లాడాను. యూపీఎస్ అని ఒకటుందని వాడికి తెలియనే తెలియదు. చేరి ఇరవై ఆరు రోజులైందంట, అంటే ఇంకా నాలుగు రోజులుంది. స్లిప్‌లో ఉన్నది నెల జీతమే, రిపోర్ట్ చేసింది నెల మొదట్లో. వాళ్ల ఆఫీసులో అడుగుతానన్నాడు. సీను అన్నా, వాడికి ఏది మంచిది?


సరిహద్దు_సీను | ఆదివారం, 2:20

నాలుగు రోజుల్లో నేను చెప్పేదాని మీద నిర్ణయించుకోవద్దని చెప్పు. రెండు ప్రశ్నలు మాత్రం వాణ్నే వేసుకోమను. పాతికేళ్లు ఈ ఉద్యోగంలో ఉంటాడా? ఉంటే యూపీఎస్‌లో చివరి పన్నెండు నెలల సగటు బేసిక్‌లో సగం, దాని మీద ధరలకి తగ్గ పెంపు. పదేళ్లు దాటితే కనీసం నెలకి 10,000. లేదు, వీఆర్‌ఎస్ తీసుకుని ఊళ్లో వ్యవసాయమో వ్యాపారమో అంటే లెక్క వేరు. ఎన్‌పీఎస్‌లో అయితే అరవైకి 60 శాతం చేతికి, 40 శాతంతో యాన్యుటీ (నెలనెలా పింఛను) కొనాలి. యూపీఎస్‌లోనూ నెలనెలా వాటా పడుతూనే ఉండాలి, ఖాతాలో ఉండాల్సిన మొత్తం కంటే తక్కువుంటే వచ్చేదీ ఆ మేరకి తగ్గుతుంది.

ఇంకోటి. చేరినప్పుడు ఫారం 1 అని ఒకటి ఇస్తారు, సర్వీసులో ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్లకి పాత పద్ధతి ఫ్యామిలీ పెన్షన్ కావాలా, ఎన్‌పీఎస్ డబ్బు కావాలా అని. అది నింపాడా, నామినీ ఎవరు రాశాడు, ఇది కూడా అడుగు. మన ఉద్యోగాల్లో ఆ కాగితం వదిలెయ్యకూడదు.


ఒంగోలు_గిత్త | ఆదివారం, 3:30

అడిగాను అన్నా. ఫారం ఇచ్చాడంట. నామినీ దగ్గర మా పిన్ని పేరు రాసి, సంబంధం అనే గడిలో "మంచిదే" అని రాశాడంట! క్లర్క్ నవ్వి "తల్లి" అని కొట్టేసి రాయించాడు 😂


ఖాకీమామ | ఆదివారం, 3:34

వాడు బాగుపడతాడు. మీ అమ్మకి ఏం చెప్పావు?


ఒంగోలు_గిత్త | ఆదివారం, 3:52

"పాస్ అవుట్ అయ్యాక నాకూ కడతారమ్మా, అందాకా స్టైపెండే" అన్నాను. "ఐతే మెస్‌లో కడుపునిండా తిను, అదైనా మిగుల్చుకో" అంది. కాగితాలు మూడూ కవర్లో పెట్టాను పాత_బ్యాచ్ సార్. విజిల్ వేస్తున్నారు, ఫోన్ ఇచ్చేయాలి.